డ్రమ్మండ్ కౌంటీ కోర్టు మెట్లు

కెల్‌బీ, నెబ్రాస్కా
ఫిబ్రవరి 11, 1974

నదీన్‌కి,

నీ క్రిస్మస్ కార్డుకి జవాబు రాయలేదని ముఖం ముడుచుకుని ఉంటావని తెలుసు. ఇంకో రెండు నిమిషాలు అలాగే ఉండు, ఈ ఉత్తరం చదివాక నీకే అర్థమవుతుంది. మన కోర్టుని పడగొడతారట.

పోయిన నెల ముగ్గురు కమిషనర్లూ కూర్చుని తేల్చేశారు. జూన్ నాలుగున కౌంటీ అంతా ఓటు వెయ్యాలి: పాతదానికి మరమ్మతు చేయించడమా, పడగొట్టి కొత్తది కట్టడమా అని. ట్రాక్టర్లు అమ్మే ఎమెట్ ఫాల్క్ ఉన్నాడు చూడు, ఇప్పుడు వాడే పెద్ద కమిషనరు. "పావురాలు కాపరం పెట్టిన కొంపకి ఎన్నిసార్లని కప్పు వేయిస్తాం, లియోటా? ఒక్క అంతస్తు, చదును కప్పు, హాయిగా ఉంటుంది" అన్నాడు. "నీ ట్రాక్టర్ల షెడ్డులాంటి దాంట్లో నిలబడి ఎవడైనా నిజం చెబుతాడా, ఎమెట్?" అన్నాను. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. కానీ చెయ్యి మాత్రం పడగొట్టడానికే ఎత్తాడు.

అందుకని కలం పట్టాను. మన వారపత్రిక ఎడిటరు లాయల్ బిబ్ వారానికో కాలమ్ ఇస్తానన్నాడు. ముప్పై మూడేళ్ళుగా రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ దస్తావేజుల మధ్యే కూర్చున్నదాన్ని, నేను రాయకపోతే ఎవరు రాస్తారు? మొదటి వారం పక్క ఊరు మార్స్‌డెన్ వాళ్ళ గొడవ రాశాను. కౌంటీ ఆఫీసులు తమ ఊళ్ళోనే ఉండాలని వాళ్ళు బళ్ళు కట్టుకొచ్చి రికార్డులన్నీ ఎత్తుకుపోవడం, మనవాళ్ళు వెళ్ళి మళ్ళీ ఎత్తుకురావడం, ఇంకోసారి ఎవడూ కదిలించలేకుండా 1889లో ఊరి వాగు మట్టితోనే ఇటుక కాల్చి ఇంత కొండలా కట్టడం. రెండో వారం ఒమాహా నుంచి వచ్చి దీని పటాలు గీసి కట్టించిన క్రూగ్‌మన్ గురించి రాశాను, గుండ్రటి కమానులు, గడియారం బురుజు, జడ్జిగారి నల్ల వాల్‌నట్ చెక్క బల్ల, అన్నీ. రాజధాని లింకన్‌లో చారిత్రక కట్టడాల జాబితా చూసేవాళ్ళకి కూడా ఇదంతా పంపాలి.

ఇక మనం కాపురమున్న కింది అంతస్తు సంగతి రాయాలి. నాన్న షెరీఫ్‌గా ఉన్న రోజులు నాకంటే నీకే బాగా గుర్తు. నాలుగు ముక్కలు రాసి పంపు. మోకాలు ఎలా ఉంది? అక్కడ వాన ఇంకా ఆగలేదా?

నీ అక్క
లియోటా

⁂

ఆస్టోరియా, ఆరెగన్
ఫిబ్రవరి 20

అక్కా,

వాన ఆగలేదు. మోకాలు అలాగే ఉంది. కంటి డాక్టరు దగ్గర రోజంతా నిలబడే ఉద్యోగం, ఎలా ఉంటుంది మరి.

నాకు గుర్తున్నది మెట్లు. కింద మన వంటింటి నుంచి పైన కప్పు కింద ఉన్న జైలు దాకా డెబ్భై ఒకటి. ఇనప మెట్లు, చలికాలం చేతికి అతుక్కునే ఇనప కమ్మీ. రోజుకి మూడుసార్లు అమ్మ పళ్ళేలు మోసేది. మొక్కజొన్న కోతల కాలంలో తాగి కొట్టుకున్నవాళ్ళతో జైలు నిండిపోతే పద్నాలుగు మందికి. ఒక చేత్తో కాఫీ కూజా, ఇంకో చేత్తో గౌను అంచు. కోర్టు నడుస్తుంటే రెండో అంతస్తు దగ్గర చప్పుడు చెయ్యకుండా వేళ్ళ మీద నడిచేది, జడ్జిగారికి చిరాకని. షెరీఫ్ పెళ్ళాం కాబట్టి వండాలి, ఆడ ఖైదీలుంటే కాపలా కూడా కాయాలి. ఆవిడని ఎవరూ అడగలేదు, ఆవిడకి జీతమూ లేదు.

వంటిల్లు అడుగునా జైలు నెత్తినా పెట్టిన ఆ క్రూగ్‌మన్ మహానుభావుడు జన్మలో ఎప్పుడూ వేడి గిన్నె మోసి ఉండడు. ఇది రాసుకో.

నదీన్

⁂

కెల్‌బీ
మార్చి 4

నదీన్‌కి,

నువ్వింత బాగా రాస్తావని నాకు తెలీదు సుమా. లాయల్ అయితే రెండుసార్లు చదివాడు. ఈ వారం కాలమ్‌లో నీ మెట్లు వేశాం, కత్తిరించి దీంతో పంపుతున్నాను. డెబ్భై ఒక్క మెట్లు అనగానే ఇద్దరు రైతులు పందెం కట్టి వచ్చి మరీ లెక్కపెట్టుకున్నారు. ఒకాయన డెబ్భై రెండన్నాడు, గడప కూడా కలుపుకున్నాడు మరి.

కాస్త అక్కడక్కడ సర్దాను, ఏమనుకోకు. పత్రిక కదా, అన్నీ నీలా ముఖాన కొట్టినట్టు రాస్తే జనానికి కోర్టు మీద ప్రేమ పుట్టదు. ఓటు వెయ్యాల్సింది వాళ్ళే. క్రూగ్‌మన్‌ని మాత్రం ఏమీ అనకు. తెలివైనవాడు. పై అంతస్తులో జైలు పెడితే పారిపోవడం కష్టమని ఆ రోజుల్లో అందరూ అలాగే కట్టారు.

లింకన్ నుంచి ఈస్టర్ తర్వాత ఒకాయన వస్తాడట, కొలతలు చూసుకోవడానికి. ఆలోపు పాత గీతల పటాలు ఇనప గదిలో ఎక్కడున్నాయో వెతకాలి. అమ్మ చేసే రొట్టె పుడ్డింగు ఎలా చేస్తారో నీ దగ్గర రాసి ఉందా? లాయల్ భార్య అడుగుతోంది.

లియోటా

⁂

ఆస్టోరియా
మార్చి 12

అక్కా,

"షెరీఫ్ గారి సతీమణి ఆనందంగా తన చేత్తో వండి ఖైదీలకు వడ్డించేవారు." కత్తిరించి పంపావుగా, నా ముందే ఉంది. ఆనందంగా అని నీకెవరు చెప్పారు? అమ్మ చెప్పిందా?

నువ్వు సర్దిన ముక్కలు నేను మళ్ళీ విప్పి రాస్తాను. 1936 జూలై. కిటికీ చువ్వ పట్టుకుంటే చెయ్యి కాలే ఎండ. అమ్మకి ఏడో నెల. బీన్స్ గిన్నెతో రెండో అంతస్తు దాటి పైకి వెళ్తూ కళ్ళు తిరిగి పడింది. పద్దెనిమిది మెట్లు దొర్లింది. పక్క గదిలో విచారణ నడుస్తోంది, ఒకసారి తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకున్నారు. మూడో రోజు పోయింది. ముప్పై ఎనిమిదేళ్ళు. నాకు పన్నెండు, నీకు పదిహేడు. సమాధి చేసి వచ్చిన సాయంత్రం పళ్ళేలు నువ్వు అందుకున్నావు. మూడేళ్ళు మోశావు. నువ్వు కూడా ఆనందంగానే మోశావా?

పుడ్డింగు ఎలా చేస్తారో నాకు తెలీదు. తెలిసినా పంపను.

నదీన్

⁂

కెల్‌బీ
ఏప్రిల్ 2

నదీన్‌కి,

నీ ఉత్తరం చదివి మూడు వారాలు ఊరుకున్నాను. అప్పుడే జవాబు రాసి ఉంటే మనం ఇక మాట్లాడుకునే అవకాశం ఉండేది కాదు. ఆనందంగా అన్న మాట తప్పే. తప్పని ఒప్పుకుంటున్నాను, ఇంక వదిలెయ్యి.

ఒకటి అడగాలి. క్రూగ్‌మన్ గీసిన పటాలు దొరికాయి, గుడ్డ మీద గీసినవి, చెక్కు చెదరలేదు. అందులో మన వంటింటి గోడలో ఒక చిన్న చదరం ఉంది. అదే చదరం ప్రతి అంతస్తులోనూ ఉంది, జైలు దాకా. భోజనం పైకి పంపడానికి తాళ్ళతో లాగే చెక్కపెట్టె. అంటే ఆయన మనసులో ఆ ఆలోచన ఉందన్నమాట. కానీ కట్టినట్టు లేదు. బురుజుకి గడియారం కావాలని, ఆ డబ్బు మిగుల్చుకోవడానికి అప్పటి కమిషనర్లు దాన్ని కొట్టేసి ఉంటారు.

అమ్మ నీతో ఎప్పుడైనా దాని గురించి ఏమైనా అందా? వంటింటి గోడ గురించి గానీ, నాన్న గురించి గానీ? బాగా గుర్తుచేసుకుని రాయి. ఊరికే అడుగుతున్నాను.

ఇక్కడ మంచు కరిగింది, ఆఫీసు ముందు బురద. చాలా ఓట్లు మన వైపు ఉన్నాయని లాయల్ అంటున్నాడు.

అక్క

⁂

ఆస్టోరియా
ఏప్రిల్ 10

అక్కా,

లేదు. అమ్మ నాతో ఏమీ అనలేదు. నాన్న గురించి అసలే లేదు.

అయితే ఆ పెట్టె గీసి కూడా కట్టలేదన్నమాట. రైతులు వాగు అవతల నుంచి టైము చూసుకోవడానికి నాలుగు ముఖాల గడియారం కావాలి గానీ, మెట్లెక్కే ఆడదానికి తాళ్ళ పెట్టె అక్కర్లేదు. నలభై ఏళ్ళు ఎంతమంది షెరీఫుల పెళ్ళాలు మోశారో ఆ మెట్ల మీద. ఇది నువ్వు రాస్తావా? రాయవు. రాస్తే ఓట్లు పోతాయి.

నువ్వు రాయకపోతే నేనే రాస్తాను లాయల్ బిబ్‌కి. నా పేరుతో.

నదీన్

⁂

కెల్‌బీ
ఏప్రిల్ 17

నదీన్,

రాయొద్దు. చేతులెత్తి దణ్ణం పెట్టి చెబుతున్నాను, రాయొద్దు. ఆ పెట్టె సంగతి నాకే సరిగ్గా తేలలేదు, తొందరపడి నీకు రాశాను. ఓటుకి ఇంక ఏడు వారాలే. ఈ కట్టడం పోతే నాకు ఇంకేముంది చెప్పు? పెళ్ళి లేదు, పిల్లల్లేరు. పొద్దున ఎనిమిదింటికి ఆ తలుపు తాళం తీయడం తప్ప నాకు వేరే పని తెలీదు. నీకు ఇల్లుంది, కొడుకున్నాడు, కళ్ళ ముందు సముద్రముంది.

పైగా నాన్న పేరు కూడా బజారున పడుతుంది. ఆలోచించు.

లియోటా

⁂

ఆస్టోరియా
ఏప్రిల్ 26

అక్కా,

ఆలోచించాను. పోస్టు చేసేశాను. నకలు పంపుతున్నాను, చూసుకో, నాన్నని ఒక్క మాట అనలేదు. అమ్మ పేరు 'ఐనా టెట్లో' అని, ఎన్ని మెట్లో, ఎన్నేళ్ళో, ఎలా పోయిందో రాశాను. పటంలో ఉన్న పెట్టెని కమిషనర్లు కట్టించలేదని నువ్వు చెప్పిందే రాశాను. ఒక మనిషిని మింగిన ఇంటికి కొత్త కప్పు వేయించాలా వద్దా అన్నది డ్రమ్మండ్ కౌంటీ ఆడవాళ్ళే తేల్చుకోవాలని చివర్లో రాశాను.

నీకు ఇటుకలంటే ప్రాణం. అమ్మంటే కూడా అంత ప్రాణం ఉంటే బాగుండేది. కోపంలో రాస్తున్నాననుకోకు. నలభై ఏళ్ళుగా అనుకుంటున్నదే రాస్తున్నాను.

నదీన్

⁂

కెల్‌బీ
జూన్ 6

నదీన్‌కి,

మరమ్మతుకి పదకొండు వందల ఎనభై తొమ్మిది. పడగొట్టడానికి పన్నెండు వందల పన్నెండు. ఇరవై మూడు ఓట్లు.

నీ ఉత్తరం రాకముందు మాకు మూడొందలు ఎక్కువ ఉండేవి. అది అచ్చయిన వారం నుంచి చర్చిలో ఆడవాళ్ళు నాతో మాట్లాడటం తగ్గించారు. ఓటు వేసే రోజు నా ముందు వరుసలో హల్డా ప్రెంటిస్ నిలబడింది. ఎనభై రెండేళ్ళు, మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. వెనక్కి తిరిగి, "ఏమనుకోకు లియోటా, మీ అమ్మ కోసమే వచ్చాను" అంది. వచ్చినందుకు థాంక్స్ అన్నాను.

ఇప్పుడు చెబుతాను విను. ఇంక దాచి చేసేదేం లేదు.

పటాలు దొరికిన శనివారం ఆఫీసుకి సెలవు, ఒక్కదాన్నే కిందికి వెళ్ళాను. మన వంటింట్లో ఇప్పుడు పాత దస్తావేజులు పెడుతున్నారు. చదరం ఉన్నచోట అమ్మ పిండి డబ్బాలు పెట్టుకునే అలమర ఉండేది, గుర్తుందా? దాన్ని పక్కకి జరిపాను. వెనకాల చెక్కలు. సుత్తితో ఒకటి ఊడదీశాను. పెట్టె ఉంది, నదీన్. తాడుంది, చక్రముంది, పెట్టె అడుగున ఎవరో పరిచిన నూనెగుడ్డ కూడా ఉంది. కమిషనర్లు కొట్టెయ్యలేదు. క్రూగ్‌మన్ కట్టాడు. మనకి ముందున్న షెరీఫుల పెళ్ళాలందరూ తాడు లాగి భోజనం పంపారు. ఒక్క మెట్టు ఎక్కలేదు.

ఊడదీసిన చెక్క లోపలి వైపు పెన్సిల్‌తో రాసి ఉంది: "మూసినది, ఆర్.టి., జనవరి 6, 1927." కోళ్ళ గూడు కట్టినా, కంచెకి గుంజ పాతినా నాన్న అలాగే పేరూ తేదీ వేసేవాడు. పాత పత్రికలు తిరగేశాను. అంతకుముందు శరత్కాలంలో పక్క కౌంటీలో ఒక బక్క దొంగ అలాంటి పెట్టెలోనే కిందికి జారి పారిపోయాడు. "నా జైలుకి కన్నం ఉండదు" అని చెప్పి నాన్న ఎన్నికల్లో గెలిచాడు. మనం కాపురానికి దిగకముందే మేకులు కొట్టేశాడు.

అది కూడా సహిస్తాను. భయపడ్డాడనుకుంటాను. కానీ అమ్మ పడి చచ్చిపోయాక కూడా ఆ చెక్క తీయలేదు. నేను పళ్ళేలు అందుకుంటుంటే చూస్తూ కూర్చున్నాడు. మూడేళ్ళు. అది నాకు మింగుడు పడటం లేదు.

నీ ఉత్తరం అచ్చయిన రోజు ఆ చెక్క కాగితంలో చుట్టుకుని లాయల్ ఆఫీసు మెట్ల దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళి, రండి, చూడండి, ఈ కట్టడం ఆడవాళ్ళకి అన్యాయం చెయ్యలేదు, పెట్టెని ఒక మనిషి మూసేశాడు అని చెబితే చాలు. గెలిచేవాళ్ళం. వెనక్కి తిరిగి వచ్చేశాను. పక్షవాతం వచ్చాక నాన్నకి పదిహేనేళ్ళు స్పూనుతో సూపు పట్టాను, మూతి తుడిచాను. ఆ మాట నోటితో అంటే ఆ పదిహేనేళ్ళూ ఎవరికి చేసినట్టు? ఇంకోటి కూడా ఉంది. నీకు నాన్నంటే ప్రాణం. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని బురుజంతా తిప్పేవాడు. అది నీ దగ్గర నుంచి లాక్కోవడానికి నాకు చెయ్యి రాలేదు.

కమిషనర్లు కొట్టేశారని నేనాడిన అబద్ధంతోనే నువ్వు నన్ను ఓడించావు. నిన్ను తిట్టడానికి కూడా నాకు దారి లేదు.

లియోటా

⁂

ఆస్టోరియా
జూన్ 13

అక్కా,

ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

నాకు తెలుసు. పన్నెండో ఏట నుంచీ తెలుసు. అమ్మ పడిన రెండో రోజు నువ్వు ఐసు కోసం వెళ్ళావు. నన్ను దగ్గరికి పిలిచి చెప్పింది. "అలమర వెనక పెట్టె ఉందే. మీ నాన్న మేకులు కొట్టాడు. ఏటా అడిగాను, వచ్చే ఎన్నికలయ్యాక చూద్దామనేవాడు. అక్కకి చెప్పకు. రేపటి నుంచి ఆ మెట్లు అదే ఎక్కాలి, ఆయన మీద కోపం పెట్టుకుని ఎలా ఎక్కుతుంది?" ఒట్టు వేయించుకుంది.

పందొమ్మిదేళ్ళకి నేను అక్కణ్ణించి ఎందుకు పారిపోయానో అందరూ ఏదో అనుకున్నారు. నాన్న ఎదురుగా కూర్చుని అన్నం తినలేకపోయాను, అంతే. ప్రాణమట. ఆయన సమాధికి కూడా రాలేదు కదా నేను, ఎందుకని ఒక్కసారైనా అడగలేదేం నన్ను?

నువ్వు ఏప్రిల్‌లో వంటింటి గోడ గురించి అడిగినప్పుడు భయపడ్డాను. నీకు తెలిసిపోయిందేమోనని. కట్టలేదు అని నువ్వు రాసింది చూసి, హమ్మయ్య, తెలీలేదు అనుకుని లేదని రాశాను. ఆ పదిహేనేళ్ళూ నీకు మిగలాలనే రాశాను. మరి అమ్మ సంగతి ఎవరో ఒకరి మీద పెట్టి అనకపోతే నా కడుపు మంట చల్లారదు. చచ్చిపోయిన కమిషనర్లని అన్నాను, ఇటుకల్ని అన్నాను. ఆ కట్టడం తప్పేమీ చెయ్యలేదని తెలిసే దాని మీద రాశాను.

ఇప్పుడైనా ఎవరికో ఒకరికి చెప్పు. నా ఒట్టు తీరిపోయింది. నాకు చెప్పుకోవడానికి ఇక్కడ ఎవరూ లేరు.

నీ చెల్లి

⁂

కెల్‌బీ
అక్టోబరు 21

నదీన్‌కి,

వేసవంతా నీకు రాయలేదు. నీ మీద కోపం లేదు, ఉండాల్సినంత కూడా లేదు. ఇద్దరం ఒకే మనిషిని దాచిపెట్టాం, ఒకరికి తెలియకుండా ఒకరం.

ఆఫీసుని పాత బడికి మార్చారు. కోర్టుని కూలుస్తున్నారు. బురుజు రెండు రోజుల్లో పోయింది. గోడలకి మాత్రం వారం పట్టింది. ఇటుక విడిపోవడం లేదని కూలీలు తిట్టుకున్నారు. నేను రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఎదురుగా నిలబడుతున్నాను, వెళ్ళకుండా ఉండలేను.

పోయిన వారం కమిషనర్లు కబురు పెట్టారు. కొత్త కట్టడంలో జైలూ వంటిల్లూ పక్కపక్కనే ఉంటాయట, నీ ఉత్తరం చూసే అలా మార్చారట. పేరు కూడా పెట్టారు: షెరీఫ్ రాయల్ టెట్లో న్యాయభవనం. "మీ చెల్లెలు రాసింది చదివి మా ఆవిడ ఏడ్చింది, లియోటా. భార్యని పోగొట్టుకుని కూడా డ్యూటీ వదల్లేదు చూడు మీ నాన్న" అన్నాడు ఎమెట్. అమ్మ పేరు పెట్టమన్నాను. "ఆవిడ కౌంటీ ఉద్యోగి కాదు కదా, రికార్డుల్లో ఎక్కడా లేదు" అన్నాడు. ఇంటికొచ్చి గుర్తుచేసుకున్నాను. నిజమే, ఎక్కడా లేదు. ఆ రికార్డులు నావే.

నిన్న పడమటి గోడ పడింది. వంటింటి నుంచి జైలు దాకా నిలువునా గోడలో తొర్ర, తాడుకి వేలాడుతున్న పెట్టె, ఊరందరికీ కనబడింది. జనం వేళ్ళు చూపించి అడుగుతున్నారు. పొగ గొట్టమని ఒకరు, చెత్త పారేసేదని ఒకరు. ఎమెట్ నా పక్కకి వచ్చి, "ఏంటది, లియోటా? నీకు తెలియందేముంది ఈ కొంపలో" అన్నాడు.

చెప్పాను. భోజనం పైకి పంపే పెట్టె అని, క్రూగ్‌మన్ కట్టాడని, మా నాన్న మేకులు కొట్టి మూసేశాడని, మా అమ్మ పడి చచ్చిపోయాక కూడా తెరవలేదని, ఆ తర్వాత మూడేళ్ళు నాతో మోయించాడని. చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు, అందరూ విన్నారు. హల్డా మనవరాలు కూడా ఉంది.

ఎమెట్ టోపీ తీశాడు. కాసేపు ఆ పెట్టెనే చూశాడు. మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు.

"మీ నాన్న పేరు అక్షరాలు పోత పోయించేశాం, లియోటా" అన్నాడు. "శుక్రవారం వస్తాయి."

అక్క